జుబైల్ వెళ్తున్న తమ్ముడూ, నువ్వు అడగని సంగతి ఒకటుంది

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇచ్ఛాపురం పక్క ఊరు, బరంపురం ఐటీఐలో ఫిట్టర్ చేశావు, సౌదీలో జుబైల్‌కి పైప్ ఫిట్టర్‌గా రెండేళ్ల కాంట్రాక్టు, వచ్చే నెల ప్రయాణం, పెళ్లయి ఎనిమిది నెలలు. భాష రాదు, తిండి పడుతుందో లేదో, ఎండకి ఆగగలనా, ఒక్కణ్ణీ ఉండగలనా, అని నాలుగు అడిగావు. నేను బరంపురం వాణ్ణే, 2007లో వెళ్లి 2022లో ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చీశాను, మధ్యలో ఒకసారి కంపెనీ మారాను తప్పితే పదిహేనేళ్లూ జుబైల్ చుట్టుపక్కలే. నువ్వడిగిన నాలిగింటికీ చెప్తాను గానీ, వాటిల్లో మూడింటికి మూడు నెలల్లో సర్దుకుపోతావు. మనిషిని తినేసేది ఇంకొకటుంది, అది నువ్వు అడగలేదు, నేనూ అప్పట్లో ఎవర్నీ అడగలేదు. దానికి తర్వాత వస్తాను.

ముందు భాష. దీనికి భయపడాల్సింది హైదరాబాద్ వాడు, నువ్వు కాదు. మనం పుట్టిందే రెండు భాషల మధ్య గట్టు మీద. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటెళ్లాయి, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది, మనుషులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారంతటి ఆయన పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయిందని ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, మన తాతలకి అంత తాహతు లేక ఉండిపోయారు. అందుకే మన ఇంట్లో తెలుగు, తాసిల్దార్ ఆఫీసులో ఒడియా, రైలెక్కితే హిందీ, ఎవడూ నేర్పకుండానే వచ్చీశాయి. అక్కడ కూడా అంతే. సైట్లో నడిచే భాష అరబ్బీ కాదు, ఇంగ్లీషూ కాదు, హిందీ ఉర్దూ కలిసిన ఒక కిచిడీ. పాకిస్తాన్ వాడు, నేపాల్ వాడు, కేరళ వాడు, బంగ్లాదేశ్ వాడు అందరూ దాన్నే తలా ఒక రకంగా విరగ్గొట్టి మాట్లాడతారు, నీ హిందీ తప్పని నవ్వేవాడు ఎవడూ ఉండడు.

ఇంకో లాభం నీకే తెలియకుండా నీ దగ్గరుంది. నా మొదటి రూమ్మేట్ బంగ్లాదేశ్ వాడు, ఖుల్నా వైపు నుంచి. మొదటి రాత్రి వాడు ఎవరితోనో ఫోన్లో భాత్, మాచ్, పాణి అంటుంటే నేను మంచం మీద లేచి కూర్చున్నాను, ఇదేటి సగం ఒడియాలా ఉంది అని. నేను ఒడియాలో అడిగాను, వాడు బంగ్లాలో చెప్పాడు, ఇద్దరికీ ముప్పావు వంతు అర్థమైపోయింది. మా క్యాంపులో ఉన్న గుంటూరు కుర్రాళ్లకి ఆ సుఖం లేదు. అరబ్బీ మాటలు ఒక పదిహేను చాలు, యల్లా, ఖలాస్, బుక్రా, షోయ షోయ, మాఫీ ముష్కిల్, ఇలాంటివి, వారంలో వచ్చేస్తాయి. అంకెలు మాత్రం వెళ్లకముందే నేర్చుకో. వాళ్ల ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, వాళ్ల సున్నా ఏమో ఉత్త చుక్క, ఆరు చూస్తే ఏడు రాసినట్టుంటుంది. నేను బకాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్లో, చీటీ మీద పది రియాళ్లని చదివి కొరియా దుప్పటి ఒకటి పట్టుకున్నాను, కౌంటర్ దగ్గర చూస్తే పదిహేను. నా వెనక క్యూలో ఏడుగురు, జేబులో సరిగ్గా పన్నెండు. దుప్పటి అక్కడే పెట్టి వచ్చీశాను, ఆ రాత్రి ఏసీకి వణుకుతూ పడుకున్నాను.

తిండికి కంపెనీ మెస్ ఉందా, ఫుడ్ అలవెన్సా, అది కాంట్రాక్టులో చూసుకో. మెస్ అయితే పొడుగు బియ్యం, పల్చటి పప్పు, కోడి, శుక్రవారం బిర్యానీ లాంటిదేదో. అలవెన్స్ ఇస్తే నలుగురు కలిసి వండుకోండి, అది బాగుంటుంది, ఖర్చు కూడా తగ్గుతుంది. నాకు మొదటి రెండు నెలలు ఉసునా బియ్యం, అంటే ఉప్పుడు బియ్యం, లేక ముద్ద దిగలేదు, తర్వాత తెలిసింది బంగ్లా వాళ్ల కొట్లో అవి దొరుకుతాయని, ఆవనూనె, ఎండుచేపలు కూడా ఉంటాయి. కుబ్బూస్ రొట్టె చవక, దాంతోనే బతికేద్దామని మొదట్లో అందరూ అనుకుంటారు, వద్దు. ఎండాకాలం నేను పఖాళ, అంటే పులిసిన చద్దన్నం, కూడా చేసేవాణ్ణి, రాత్రి అన్నంలో నీళ్లు పోసి రూమ్‌లో పెడితే ఏసీ చల్లదనానికి పులిసేది కాదు, అందుకని కిటికీ బయట సజ్జ మీద పెట్టేవాణ్ణి, అక్కడి వేడికి నాలుగు గంటల్లో తయారు. పైన లబన్ అని మజ్జిగ దొరుకుతుంది కదా, అది పోసుకుని పచ్చిమిరపకాయ ఉల్లిపాయ నంజుకుంటే, ఖుల్నా వాడు కూడా నాతో కూర్చునేవాడు, వాళ్లూ పాంతా భాత్ అని ఇదే తింటారట. మందు సంగతి ఒక్క మాట, క్యాంపుల్లో సదీకీ అని దొంగసారా తిరుగుతుంది, దాని జోలికి పోకు, దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి.

ఇప్పుడు ఎండ, ఇది కొంచెం నెమ్మదిగా చదువు. జుబైల్ సముద్రం ఒడ్డున ఉంటుంది, కాబట్టి రియాద్ లాంటి పొడి వేడి కాదు, ఆగస్టులో పొద్దున్న నాలుగున్నరకి బస్సు దిగేసరికే కళ్లజోడు మీద చెమ్మ పడుతుంది. మన బరంపురం పక్క సముద్రం ఒడ్డు గోపాలపురం ఉక్క తెలుసు కదా, దాన్ని పొయ్యి మీద పెట్టినట్టుంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం రూలు పెట్టింది, పెద్ద సైట్లలో అది పాటిస్తారు. మిగతా టైమ్ నీ చేతిలో ఉంది. దాహం వేసినప్పుడు కాదు, ఇరవై నిమిషాలకోసారి నీళ్లు, ఒంటేలు రంగు ముదిరితే ఇంకా ఎక్కువ.

నీది ఇచ్ఛాపురం పక్క అన్నావు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా ఉందో నీకు నేను చెప్పక్కర్లేదు, ఎందుకొస్తుందో ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయారు. గల్ఫ్ మెడికల్‌లో ఫిట్ అన్నారు కదా అని వదిలీకు, విడిగా కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష సీరమ్ క్రియాటినిన్, యూరిన్ టెస్ట్ చేయించుకో, రిపోర్ట్ ఒక కాపీ ఇంట్లో పెట్టు, సెలవుకొచ్చిన ప్రతిసారీ మళ్లీ చేయించి పక్కపక్కన పెట్టి చూసుకో. ఒళ్లు నొప్పులని నొప్పి బిళ్లలు మింగడం క్యాంపుల్లో టీ తాగినంత మామూలు, ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉన్నప్పుడు ఆ బిళ్లలు కిడ్నీని నేరుగా కొడతాయి. మా షట్‌డౌన్ గ్యాంగులో, అంటే ప్లాంటు ఆపి రిపేర్లు చేసే జట్టులో, మన వైపు కుర్రాడొకడు రోజూ రెండు బిళ్లలేసుకుని పద్నాలుగు గంటలు పనిచేసేవాడు, మూడో ఏడు కాళ్ల వాపుతో ఇంటికి పంపీశారు. అతని జబ్బుకి బిళ్లలొక్కటే కారణమో కాదో నేను డాక్టర్ని కాదు, చెప్పలేను, కానీ ఆ రోజు నుంచి నేను నొప్పికి వేన్నీళ్ల కాపడం తప్ప ఇంకేం వాడలేదు.

ఒంటరితనం అన్నావు. గదిలో నలుగురో ఆరుగురో ఉంటారు, బంకు మంచాలు, ఒకడు డే షిఫ్టు ఒకడు నైటు, ఒకడి అలారం ఒకడి గురక, నిజానికి నీకు అక్కడ కరువయ్యేది ఒంటరిగా ఉండే చోటు. కింద మంచం దొరికితే చుట్టూ దుప్పటి కట్టుకుంటావు, అదే నీ ఇల్లు. దేవుడి పటం చిన్నది పెట్టుకో, కప్‌బోర్డు తలుపు లోపలి వైపు, అక్కడ గుడులుండవు, మన పూజ మన లోపలే, ఎవరూ నిన్నేమీ అనరు నువ్వు బయటపెట్టనంతవరకు. రంజాన్‌లో పగలు నలుగురిలో తినడం తాగడం చెయ్యకు. రిఫైనరీ, ప్లాంటు ఫొటోలు తియ్యకు, రీల్స్ అసలే వద్దు.

ఇంకో తమాషా చెప్పాలి. ఇక్కడ ఒడియా వాళ్లు మనల్ని తెలెంగా అంటారు, విశాఖపట్నం వెళ్తే నువ్వు ఒడియా వాడివా అని అడుగుతారు, అక్కడ దమ్మామ్‌లో తెలుగు వాళ్ల ఉగాదికి వెళ్తే ఒకాయన ఏ జిల్లా అన్నాడు, బరంపురం అంటే అది ఒరిస్సా కదండీ తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది అన్నాడు. నేను మా అమ్మ మాట్లాడుతుంది అన్నాను. మళ్లీ ఒడియా వాళ్ల సభకి వెళ్తే వాళ్లకి నేను తెలుగు వాణ్ణి. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ అరబ్బు నా ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే గుర్తింపు కార్డు, చూసి ఒక్క ముక్క అన్నాడు, హిందీ. అరబ్బీలో హిందీ అంటే ఇండియా వాడని. అంతే, ముప్పయ్యేళ్లుగా తేలని పంచాయితీ అక్కడ ఒక్క మాటలో తేలిపోయింది, నాకు చాలా హాయిగా అనిపించింది నిజంగా.

సరే, ఇప్పుడు నువ్వు అడగని సంగతి. ఫోను.

2007లో నా బేసిక్ 900 రియాళ్లు, తిండికి 200. అప్పట్లో రియాల్‌కి పదో పదకొండో రూపాయలు, ఇప్పుడైతే 22 పైనే ఉంది. మొదటి జీతం వచ్చాక కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఎంతొస్తుందిరా అన్నాడు. వెనకాల మా మావయ్య గొంతు, ఇంకెవరో నవ్వడం వినబడింది, ఇంట్లో చుట్టాలున్నట్టున్నారు. నాన్న నా జవాబు పైకి అంటాడని తెలుసు. పదిహేను వందలు అనీశాను. నాన్న పైకి అన్నాడు, పదిహేను వందల రియాళ్లంట. అక్కడెవరో చప్పట్లు కొట్టారు. నిజంగా చప్పట్లే.

ఆ అబద్ధం మీద నాన్న మేడ మీద రెండు గదులు మొదలుపెట్టాడు. ఇటుక, సిమెంటు, సెంట్రింగు, అన్నీ పదిహేను వందల లెక్కన. చాలకపోతే మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాడు, అబ్బాయి పంపుతాడులే అని. నేను ఓవర్‌టైమ్ మొదలుపెట్టాను, పొద్దున్న మూడున్నరకి లేచి రాత్రి ఎనిమిదికి రూము, తిండి డబ్బుల్లో కూడా సగం మిగిల్చి రెండు పూటలా కుబ్బూస్, పప్పు. జూలైలో ఒకరోజు పైప్ రాక్ మీద, అంటే పైపులు మోసే ఎత్తైన ఇనప చట్రం మీద, ఫ్లేంజి బోల్టులు బిగిస్తున్నాను, స్పానర్ నా చేతిలోంచి జారడం కనబడింది, కింద పడ్డ చప్పుడు మాత్రం వినబడలేదు. సేఫ్టీ బెల్ట్ ఉంది కాబట్టి వేలాడాను. సైట్ క్లినిక్‌లో రెండు సీసాలు ఎక్కించారు. ఖుల్నా వాడు సాయంత్రం చేపల పులుసు వండి పెట్టి, నీకు ఇంటి దగ్గర ఎవరున్నారు నిజం చెప్పుకోడానికి, అని అడిగాడు.

మా అప్పకి, అంటే అక్కకి, ఫోన్ చేశాను, ఆవిడది ఛత్రపురంలో కాపురం. మొత్తం చెప్పీశాను, తొమ్మిది వందలని, పడిపోయానని. తిడుతుంది, ఏడుస్తుంది అనుకున్నాను. రెండూ కాలేదు. కొంచెంసేపు ఊరుకుని, "ముందే చెప్తే పునాదిలోనే ఆపేవాళ్లం కదరా" అంది. అంతే. మర్నాడు బస్సెక్కి వెళ్లి నాన్నతో తనే మాట్లాడింది, స్లాబు వరకు వచ్చిన పని అక్కడే ఆపి, తన గొలుసు బ్యాంకులో పెట్టి మూడు రూపాయల వడ్డీ తీర్చేసింది. ఆ గదులు 2012 దాకా తలుపుల్లేకుండానే ఉన్నాయి, మేమంతా వాటిల్లో వడియాలు ఎండబెట్టుకున్నాం.

అక్కడితో నాకు బుద్ధొచ్చింది అనుకున్నాను గానీ అబద్ధం ఒకవైపే ఉండదు అని తర్వాత తెలిసింది. 2013 అక్టోబర్ 12, ఫైలిన్ తుఫాను. గోపాలపురం దగ్గర తీరం దాటింది, దుర్గాష్టమి రోజు. ఒడియా ఛానల్ ముందు మేము పదకొండు మందిమి కూర్చున్నాం, అంతా గంజాం, శ్రీకాకుళం వాళ్లమే. సాయంత్రం ఆరింటికి నా భార్యతో మాట్లాడాను, గాలి మొదలైంది అంది, తర్వాత లైన్ పోయింది. రెండు రోజులు ఏ నంబరూ కలవలేదు. ఆ రెండు రోజులూ నేను డ్యూటీకి వెళ్లాను, ఏం చేయాలో తెలియక. మూడో రోజు ఎవరి ఫోన్ నుంచో చేసింది, వేపచెట్టు పడింది, మిగతా అంతా బాగున్నాం, నువ్వు పని చూసుకో అంది. నేను నమ్మాను. మళ్లీ ఏడు సెలవుకొచ్చి చూస్తే వెనక వంటింటి రేకులు కొత్తవి. అడిగితే అప్పుడు చెప్పింది, రేకులు ఎగిరిపోయాయని, చాలా రోజులు కరెంటు లేదని, మా అమ్మకి చెయ్యి విరిగిందని, ఆ చెయ్యి నేను వీడియోలో చూస్తానని అమ్మ ప్రతిసారీ కొంగు కప్పుకుని కూర్చునేదని. నేను బాధపడతానని చెప్పలేదట. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత గుర్తొచ్చింది పైప్ రాక్ మీద పడిపోయిన సంగతి నేను ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదని.

కాబట్టి నువ్వు బయల్దేరే ముందు ఒక పని చెయ్యి. నీ భార్యతో కూర్చుని కాంట్రాక్టు కాగితం ఇద్దరూ చదవండి. బేసిక్ ఎంత, ఓవర్‌టైమ్ లేకపోతే ఎంతొస్తుంది, తిండికి ఎంత పోతుంది, ఇంటికి ఎంత పంపగలవు, ఒక తెల్ల కాగితం మీద రాయండి. ఓవర్‌టైమ్ లెక్కలో వేయొద్దు, అది వస్తే పండగ, రాకపోతే లేదు. ఆ కాగితం మీ నాన్నకీ చూపించు. చుట్టాలకి ఏం చెప్పుకుంటారో చెప్పుకోనీ, అది వాళ్ల సరదా, ఇంట్లో ముగ్గురికి మాత్రం అసలు అంకె తెలియాలి.

తర్వాత ఫోన్లు రెండు రకాలు పెట్టుకోండి. మేము 2014 నుంచి అలాగే చేశాం. నెలకి ఒక్కటే లెక్కల ఫోను, జీతం పడ్డ మర్నాడు, అందులో డబ్బు తప్ప ఇంకేం లేదు, ఎవరికెంత, అప్పు ఎంత తగ్గింది, స్కూలు ఫీజు, అంతే. మిగతావన్నీ ఊసుల ఫోన్లు, వాటిల్లో డబ్బు మాట ఎత్తకూడదు, ఎత్తినవాళ్లు పది రూపాయలు హుండీలో వెయ్యాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కానీ అంతకుముందు మా ఫోన్లు ఎలా ఉండేవంటే, రింగవగానే నాకు గుండె దడ, ఇవాళ ఏం కావాలంటారో అని. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక, నువ్వు రాత్రి తొమ్మిదికి స్నానం చేసి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ పదకొండున్నర, ఆ అమ్మాయి నిద్రమత్తులో ఊఁ అంటే నీకు వేరేలా అర్థమవుతుంది. రోజూ రాత్రి అరగంట కంటే శుక్రవారం పొద్దున్న గంట మేలు. రోజూ ఐదు నిమిషాలు కావాలంటే మీ లంచ్ బ్రేక్‌లో చెయ్యి.

ఒకటి మాత్రం ఖచ్చితంగా, బాగోలేనప్పుడు బాగోలేదని చెప్పే మనిషి ఒకళ్లు ఉండాలి. నాకు అప్ప. నీకు భార్యే అవ్వచ్చు, స్నేహితుడవ్వచ్చు, బావ అవ్వచ్చు. అందరికీ చెప్పమనట్లేదు, మా అమ్మకి నేనూ కొన్ని చెప్పలేదు.

డబ్బు సంగతి రెండు ముక్కలు. నువ్వు ఎన్నారై అయ్యాక ఇక్కడి మామూలు సేవింగ్స్ అకౌంట్ అలాగే వాడకూడదు, దాన్ని ఎన్నార్వో (NRO) అకౌంట్‌గా మార్చమని బ్యాంకులో అడుగు, అక్కడి నుంచి పంపే డబ్బుకి ఎన్నారీ (NRE) అకౌంట్ తెరువు, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. నీ భార్య పేరు మీద విడిగా ఒక అకౌంట్ ఉండనీ, ఇంటి ఖర్చు నేరుగా ఆమెకే పంపు, ప్రతి వంద రూపాయలకీ మీ నాన్ననో మీ అన్ననో అడగాల్సిన గతి ఆమెకి పట్టించకు. వెళ్లగానే పెళ్లి అప్పు, ఏజెంట్ అప్పు తీర్చు, మేడ తర్వాత.

ఏజెంట్ అంటే గుర్తొచ్చింది. నువ్వు పదో తరగతి పాసయ్యావు కాబట్టి నీ పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలనే గుర్తు, ఉండదు. దాన్ని అందరూ గొప్పగా చెప్తారు, కానీ దానర్థం ఏంటంటే పదో తరగతి లేనివాడికి ఎమిగ్రేషన్ వాళ్లు కాగితాలు చూసి క్లియరెన్స్ ఇస్తారు, ఇన్సూరెన్స్ తప్పనిసరి చేస్తారు, నీకు ఆ జల్లెడ లేదు, నీ కాగితాలు నువ్వే చూసుకోవాలి. మన ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో ఆ ఏజెంట్ లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడు. లైసెన్స్ ఉన్నవాడు సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. నువ్వు లక్షా పది అడిగారని రాశావు, అందులో ఏది దేనికో రాసిమ్మను, మెడికల్, టికెట్ విడిగా చూపించమను, మాటలు మింగితే అనుమానించు. వీసా మీద పేరు, వృత్తి, కంపెనీ నీ కాంట్రాక్టులో ఉన్నవేనా చూసుకో. ఆజాద్ వీసా అని ఎవడైనా అంటే, అక్కడికెళ్లి ఎక్కడైనా పని చేసుకోవచ్చు అని, అలాంటి వీసా చట్టంలో లేదు, అది కొన్నవాడు కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమానికి, నెల నెలా కట్టుకుంటూ దొంగలా బతుకుతాడు.

అక్కడ దిగాక కాంట్రాక్టు ఖివా అనే ప్రభుత్వ పోర్టల్లో ఉంటుంది, నీ ఫోన్లో చూసుకుని నువ్వు ఇక్కడ సంతకం పెట్టిందీ అదీ ఒకటేనా సరిచూసుకున్నాకే ఒప్పుకో. ఇకామా ఫీజు కంపెనీయే కట్టాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోకూడదు, అడిగి తీసుకో, కనీసం ఫొటో తీసి ఇంటికి పంపు. రోజుకి 8 గంటలు, వారానికి 48, ఆపైన గంటకి మామూలు జీతం, దానిపైన ఆ గంట బేసిక్‌లో సగం. ఏడాదికి 21 రోజులు సెలవు, ఐదేళ్ల తర్వాత 30. వదిలి వచ్చేటప్పుడు సర్వీస్ మనీ కూడా ఉంటుంది, మొదటి ఐదేళ్లకి ఏడాదికి అర నెల జీతం, తర్వాత ఏడాదికి నెల, కానీ నీ అంతట నువ్వు రిజైన్ చేస్తే రెండేళ్ల లోపు ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్లయితే మూడో వంతే వస్తుంది, ఐదు నుంచి పదేళ్లయితే మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే పూర్తిగా. ఇది తెలియక నాలుగేళ్ల పదినెలలకి రిజైన్ చేసినవాళ్లని చూశాను, రెండు నెలలు ఆగితే డబుల్ వచ్చేది.

జీతం ఆగితే ఏం చేయాలో కూడా విను. 2016లో చమురు ధర పడిపోయి కాంట్రాక్టు కంపెనీలు చాలా మునిగాయి, నేను పనిచేసిన కంపెనీ కూడా నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు, చివరికి మెస్ కూడా మూసేశారు. కొందరు కోపంతో క్యాంపు వదిలి బయట పనులకి పోయారు, కంపెనీ వాళ్ల మీద హురూబ్ పెట్టింది, అంటే పారిపోయాడని రిపోర్టు, అంతే, వాళ్ల జీతం కేసు గాల్లో కలిసిపోయింది, దొరికినవాడిని దొరికినట్టు పంపీశారు. మేము కదల్లేదు. అందరం కలిసి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు రాయించాం, ఎంబసీకి రాశాం, ఇక్కడ మా అప్ప మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైటు మదద్ పోర్టల్లో పెట్టించింది. ఆ ఆగస్టులో మన అప్పటి విదేశాంగ సహాయమంత్రి వీ.కే. సింగ్ గారు కూడా సౌదీ వచ్చారు. వేరే కంపెనీకి మారే వీలిచ్చారు, నేను మారాను, పాత జీతంలో రెండు నెలలది చాలా ఆలస్యంగా వచ్చింది, మిగతా రెండు నెలలది ఇప్పటికీ రాలేదు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో నిజం తెలుసు కాబట్టి తట్టుకున్నాను. నా భార్య బరంపురంలో అప్పడాలు చేసే దగ్గర పనికి కుదిరింది, నాకు చెప్పే కుదిరింది. 2007 లాగా పదిహేను వందలు అని కూర్చుని ఉంటే నేను కూడా గోడ దూకేవాణ్ణేమో.

ఎన్నాళ్లు ఉండాలి అని ఇప్పుడే లెక్కలేసుకోకు, రెండేళ్లకి అని వెళ్లి పదిహేనేళ్లు ఉన్నవాణ్ణి, నా మాట ఈ విషయంలో పనికిరాదు. తిరిగొచ్చాక మొదటి ఆరు నెలలు మాత్రం వింతగా ఉంటుంది, నా ఇంట్లో సబ్బు ఎక్కడుందో అడగాల్సొచ్చేది, కూరల కొట్లో బయ్యా కిత్నా అని హిందీలో అడిగేవాణ్ణి, ఆ కూరలాయన మా వీధి తెలుగు ఆయనే. అది నీకు తర్వాత సంగతి.

ఆఁ, బ్యాగ్. బరంపురంలో ఫలక్‌నుమా రైలు ఎక్కే ముందు బ్యాగ్ నువ్వే విప్పి సర్దుకో, అమ్మ సర్దింది కదా అని వదిలీకు. ఆవకాయ రెండు కవర్లలో సీల్ చేయించి చెకిన్ లగేజీలో పెట్టు, అప్పడాలు పర్వాలేదు. ఎవరో తెలిసినాయన కొడుక్కి ఇవ్వమని పొట్లం ఇస్తే నీ ముందు విప్పించి చూడు, విప్పనంటే తీసుకోకు. మందులు తీసుకెళ్తే డాక్టర్ చీటీ ఉండాలి, నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటివి అసలొద్దు. గసగసాలు మనకి కూరలో వేసుకునేవి గానీ అక్కడ మత్తుమందు కింద లెక్క, గింజ కూడా ఉండకూడదు. నా మొదటి ప్రయాణంలో మా అమ్మ కోడికూర మసాలా కట్టిచ్చింది, సికింద్రాబాద్‌లో దిగాక ఒకాయన చెప్తే స్టేషన్ బయట మొత్తం పారబోశాను. మీ అమ్మగారు ఇచ్చే మసాలా పొడిలో ఏమేం వేశారో ఒకసారి అడుగు.